కొట్టుగదికి ఏ దీపం?

బిష్కెక్‌లో ఫిబ్రవరి. వీధుల్లో మంచు గడ్డకట్టి కుక్కలు కూడా జారిపడుతున్నాయి. నాలుగో అంతస్తులో బురుల్ గారి కొట్టుగదిలో మాత్రం నడివేసవి. మేడ మొత్తానికీ వేడినీళ్ళు మోసే లావుపాటి గొట్టం ఆ గది మూలలోంచే పోతుంది. దాన్ని కట్టేసే మర ఎవరి చేతిలోనూ లేదు, కిటికీ అసలే లేదు. పెద్ద బీరువా పట్టేంత ఆ చోట్లో ఒక నిమ్మచెట్టు, మూడు అరల నారు, స్టూలు మీద నిలబడ్డ కోడలు మేరిమ్. గుమ్మానికి అడ్డంగా కుర్చీ, కుర్చీ నిండా అత్తగారు. దీపాలన్నీ కోడలే మోసుకొచ్చింది. ఏదో ఒకటి ఆవిడకి నచ్చితే, ఆ మంచి ఘడియ చూసుకుని, తన కూతురు బేగిమాయ్‌ని తనకిచ్చెయ్యమని అడగాలని.

"ఇంకాస్త పైకెత్తవే."

"ఇంతకన్నా పైన కప్పే ఉందత్తయ్యా."

"అయితే దించు. చెప్పిందాకా ఏదీ చెయ్యవు కదా."

"ఇక్కడ చాలా?"

"ఊఁ. అక్కడుంచు. ఏమిటే ఆ రంగు?"

"ఊదా. ఎరుపూ నీలం కలిస్తే అలా వస్తుందిట. మొక్కలు తినేది ఆ రెండు రంగులేనని దుకాణం ఆవిడ చెప్పింది."

"మొక్కలు వచ్చి చెప్పాయా ఆవిడకి?"

"అవే అమ్ముతుంది కదా, తెలుస్తుంది."

"అమ్మేవాళ్ళకి అమ్మడం తెలుస్తుంది. నిమ్మాకులు చూడు, బొగ్గులా ఉన్నాయి."

"ఈ వెలుతుర్లో అలా కనిపిస్తాయంతే. పచ్చగానే ఉన్నాయి."

"నీ మొహమూ బొగ్గులాగే ఉంది. అదీ వెలుతురేనా?"

"అది ఉక్క. గోడమీద వేడి చూపే ముల్లు ముప్పై నాలుగు దాటింది."

"ముప్పై నాలుక్కే ఉడికిపోతే ఎలా? మా అత్తగారి రోజుల్లో కోడళ్ళు మండే తందూరు పక్కనే బిడ్డల్ని కన్నారు."

"కన్నారు. కని ఎవరి చేతిలో పెట్టారో మరి."

"ఏమన్నావ్?"

"ఏం లేదు. రంగు సంగతి చెప్పండి."

"ముందు ఈ టీ సంగతి చెప్పు. గిన్నె నిండా పోశావేం?"

"మాటిమాటికీ స్టూలు దిగి పొయ్యలేనని..."

"పొమ్మని చెప్పలేని చుట్టానికి పోస్తారు అలా అంచుదాకా. నా ఇంట్లోంచి నన్నే లేవమంటున్నావా?"

"అయ్యో, అదేం కాదత్తయ్యా. సగం ఒంపేస్తాను ఇలా ఇవ్వండి."

"వద్దులే. చల్లారింది కూడా. నిమ్మచెట్టుకి పోస్తాను."

"ఉప్పేసిన టీ! చెట్టు చచ్చిపోతుంది."

"అయితే నువ్వు తాగు."

"... ఇటివ్వండి."

"దీపం వంగింది. చూసుకో. తాగడానికి రెండు చేతులూ కావాలా?"

"సరిచేశాను. ఈ ఊదాది వేడెక్కదత్తయ్యా, అదే దీని గొప్ప. ముట్టుకుని చూడండి. ఈ గదికి అసలు బాధ అదే కదా. ఇంత వేడిలో నారు ఆబగా పెరుగుతుంది, వెలుతురు చాలకపోతే సన్నగా సాగి దారప్పోగులా పడిపోతుంది. వెలుతురు పెంచుదామంటే దీపం వేడి దానికి తోడవుతుంది. కాబట్టి వెలుతురు ఎక్కువా వేడి తక్కువా ఉన్నది చూడాలి."

"పరీక్షకి చదివి వచ్చినట్టున్నావే."

"మీకోసమే కనుక్కున్నాను."

"నాకోసమా?"

"మొక్కలకోసం."

"అలా చెప్పు. ఈ రంగు నాకొద్దు. పక్కింటి రయీసా మనవడు ఇలాంటిదే పెట్టాడు పోయినేడాది. టమాటాలన్నాడు. పోలీసులొచ్చి చూస్తే టమాటాలు కావు."

"మన గదికి కిటికీ లేదుగా, వెలుతురు ఎవరికి కనిపిస్తుంది?"

"తలుపు సందులోంచి కనిపిస్తుంది. రయీసాకి ఆ సందు చాలు. పైగా ఇంత నలుపులో ఎర్రనల్లి పురుగు పట్టినా ఎలా కనిపెడతాను? పొడివేడికి మొదట వచ్చేది అదే. ఆకు తిరగేసి చూస్తే అన్నీ ఊదాయే."

"చూడాలనుకున్నప్పుడు మామూలు లైటు వేసుకుని..."

"రోజుకి నాలుగుసార్లు రెండు లైట్లతో కుస్తీ పట్టమంటావు."

"అదీ నిజమే. ఇది వద్దు, దించేస్తాను. అసలు కిటికీ గదిలోంచి వీటిని ఎందుకు తీయించారత్తయ్యా? దక్షిణం ఎండ, ఏ దీపమూ అక్కర్లేదు. ఆ నిమ్మ అక్కడే కదా కాసింది."

"ఆ గది కావాలి."

"దేనికి?"

"కావాలన్నానుగా. రంగు కూడా వేయించాను. మొక్కలకి కొట్టుగది చాలు."

"బేగిమాయ్‌కి బడి బల్ల వేస్తారా అక్కడ?"

"రెండో దీపం ఏది?"

"అత్తయ్యా, నేను ఆ మాటే మాట్లాడదామని... సెప్టెంబరుకి దాన్ని బళ్ళో వెయ్యాలి కదా. మా ఇంటి వెనకే మంచి బడి ఉంది. వసంతంలోనే పేరు రాయించుకోవాలిట. అందుకని నేనూ..."

"రెండో దీపం ఏదని అడిగాను."

"... కింద ఉంది. సోడియంది. రయీసా గారి తమ్ముడు మొక్కలు పెంచే గాజుగదిలోది."

"అది పైకెత్తు. అబ్బో, బరువుందే! ఇలా ఉండాలి వస్తువంటే."

"బరువు దాని పెట్టెది. ముందే చెప్తున్నాను, ఇది పెద్ద గాజుగదులకి పెట్టేది. వెలిగిస్తే పొయ్యి అంటించినట్టే."

"వెలిగించకుండానే పేర్లు పెట్టకు."

"వెలిగిస్తున్నాను. అదిగో."

"ఆహా! సూర్యుడే కొట్టుగదిలోకి దిగాడు. చూడు, నిమ్మాకు బంగారంలా మెరుస్తోంది. దీపమంటే ఇది."

"మెరుస్తోంది. చెయ్యి పెట్టి చూడండి అక్కడ, ఆకుల ఎత్తులో. కాసేపు ఉంచండి. మన చేతికి వేడి తగిలితే ఆకు మాడినట్టే."

"నీ చెయ్యి పెట్టు. నాది ముసలి చెయ్యి, తెలీదు."

"పెట్టాను."

"ఊఁ?"

"మండుతోంది."

"నీకన్నీ మండుతాయి. ఇంకాసేపు ఉంచు."

"అత్తయ్యా, నిజంగానే..."

"ఉంచవే. చెట్టు ఎంతసేపు ఉండాలో తెలియొద్దూ?"

"అమ్మా! అమ్మా, నా జడ ఊడిపోయింది!"

"ఇలా రా తల్లీ, గుమ్మం దాటకు. రయీసా మామ్మ టీవీ చూపించలేదూ? మీ వదినొచ్చింది, సలాం చెప్పు."

"సలాం వదినా. నువ్వు నారింజకాయలా ఉన్నావు!"

"దీపం వల్ల తల్లీ. రా, నువ్వూ అవుతావు. ఇంతకుముందైతే వంకాయలా ఉన్నాను, నువ్వు చూడలేదు. రా, ఎత్తుకుంటాను."

"దాన్ని ఆ ఉక్కలోకి లాగకు. జ్వరం తగ్గి నాలుగు రోజులు కాలేదు."

"జ్వరమా? నాకెవరూ చెప్పలేదే! ఎన్ని రోజులుందమ్మా? మందేమిచ్చారు?"

"నీకెందుకు చెప్పాలి వదినా?"

"... ఎందుకంటే... మందుల షాపులో పనిచేస్తాను కదా, అందుకు. జడ నేనేస్తానత్తయ్యా, దిగుతున్నాను."

"దీపం పట్టుకో. జడ నేనేస్తాలే. ఇలా వెనక్కి తిరుగు బంగారం. వదినకి ఒక్క జడ వెయ్యడమే వచ్చు, నీకు రెండు కావాలిగా."

"రెండూ వచ్చత్తయ్యా. నేర్చుకున్నాను."

"ఎవరి జుట్టు మీద?"

"అమ్మా, వదిన ఏడుస్తోందా?"

"చెమట. పో, వెళ్ళి టీవీ చూసుకో. తలుపు మెల్లిగా."

"వదినా, నువ్వు ఎప్పుడెళ్ళిపోతావు?"

"దీపం పెట్టగానే తల్లీ."

"అయితే తొందరగా పెట్టు. అమ్మ నాకు ఊలుతో గుర్రం కుడతానంది."

"... వెళ్ళిందా?"

"వెళ్ళింది. చెయ్యి అక్కడే పెట్టి ఉన్నావేం? తియ్యి, ఎర్రబడింది. సరే, ఈ సూర్యుడు కూడా వద్దు. నిమ్మాకు కొస ముడుచుకుంటోంది."

"నేను ముందే చెప్పాను."

"ముందే చెప్పినవి ఎవరికీ గుర్తుండవు. ఆర్పు. మూడోది తియ్యి."

"తీస్తాను. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. అత్తయ్యా, అది నన్ను వదినా అంటోంది."

"మరేమనాలి? జమీర్ దానికి అన్న. అన్న పెళ్ళాన్ని వదినే అంటారు."

"అన్న కాదు. తండ్రి. నేను తల్లిని."

"గట్టిగా అరవకు, రయీసా గోడకి చెవి పెట్టుకునే ఉంటుంది. నలభయ్యో రోజున నీ చేతులతోనే నా ఒళ్ళో పెట్టావా లేదా? నా గౌను మెడలోంచి దూర్చి, కింది అంచులోంచి తీశాను, ఊరి ఆడవాళ్ళంతా చూశారు. అలా నా కడుపు దాటి వచ్చింది. నాది."

"నాకు ఇరవయ్యేళ్ళు అప్పుడు. తొలిబిడ్డ అత్తది, తర్వాతిది నీదని అన్నారు. అందరూ ఇస్తారన్నారు. మా అమ్మ కూడా తలూపింది. పాలొచ్చి రవిక తడుస్తుంటే గుడ్డ బిగించి కట్టింది. తర్వాతిది వస్తుంది కదా అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను. ఏదీ?"

"నెలనెలా లెక్కపెడుతూనే ఉన్నాను."

"మందుల షాపులో అన్ని మందులుంటాయి, ఒక్కటీ పనిచెయ్యలేదా?"

"డాక్టరమ్మ నాలో లోపం లేదంది. ఆయన్ని కూడా తీసుకురమ్మంది. మూడుసార్లు అపాయింట్‌మెంటు రాయించాను, రాలేదు."

"అంటే మావాడిలో లోపమా?"

"అనలేదు."

"అనకు. వాడిలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు."

"ఎలా తెలుసు మీకు?"

"తల్లికి తెలియదూ? మూడోది తియ్యమన్నాను."

"తీస్తున్నాను. ఆయన అసలు ఇంట్లో ఉంటే కదా. వారంలో సగం నారిన్ ఊరికి తోలే బండి మీదే. ఈ నెలలో అయితే మాటిమాటికీ మంచు పడి దారి మూసేశారని అక్కడే ఉండిపోతున్నాడు."

"ఆఁ, నారిన్‌లో మంచు ఎక్కువే ఈ ఏడు."

"ఇంటికొచ్చి పడుకుంటాను, ఎవరూ ఉండరు. అటకమీద ఎలకలు తిరిగినా సంతోషంగా ఉంటుంది, ఏదో ఒకటి కదులుతోందని. బేగిమాయ్ ఉంటే..."

"పిల్లంటే ఎలకల్ని తోలడానికా?"

"అలా కాదత్తయ్యా. మీరెందుకు ప్రతి మాటా ఇలా..."

"ఎలా?"

"ఏం లేదు. ఇదిగో, మూడోది. తెల్లటి పట్టీ. ఎల్ఈడీయే, కానీ ఇందులో అన్ని రంగులూ ఉంటాయి, ఎండలాగే."

"పల్చగా ఉంది. స్కేలు బద్దలా ఉంది. ఇది వెలుతురిస్తుందా?"

"చూడండి."

"... ఊఁ."

"చూశారా? నిమ్మ పచ్చగానే ఉంది. మీ మొహం మీ మొహంలాగే ఉంది."

"అంటే?"

"అంటే బాగుందని."

"చెయ్యి పెట్టు."

"పెట్టాను. గొట్టం వేడే తప్ప దీపం వేడి లేదు. నాలుగు వేళ్ళ ఎత్తులో పెట్టినా నారు మాడదు. అరకి ఒకటి చొప్పున పెడితే మొక్కలు పక్కకి వంగి దేవులాడవు, నెత్తిమీదే వెలుతురు. నిమ్మకి ఒకటి నిలువుగా."

"ఎక్కడా వేడే లేదంటావు. అబద్ధం. కరెంటు మింగేదేదైనా వేడి కక్కుతుంది."

"కక్కుతుంది, పట్టీ కాదు, దీని అడాప్టర్. ఈ నల్ల డబ్బా. అందుకే పొడుగు వైరు వేయించి తెచ్చాను. డబ్బా గుమ్మం బయట మేకుకి వేలాడుతుంది, ఆ వేడి గదిలోకి రాదు."

"నా తల మీద వేలాడుతుందన్నమాట."

"కుర్చీ ఇటు జరిపితే వేలాడదు. ఇదిగో ఈ చిన్న ఫ్యాను కింద పెడతాను, తలుపు జానెడు తెరిచి ఉంచండి. గాలి కదిలితే చాలు, మిరపనారు ఈ వేడికి సంతోషిస్తుంది కూడా. వయొలెట్ పూల మొక్కలు మాత్రం నేలమీద పెట్టండి, గొట్టానికి దూరంగా. వాటికి ఉక్క పడదు. ఇంకొకటి, వేళకి దానంతటదే వెలిగి ఆరేలా టైమరు కూడా పెట్టాను. రాత్రి ఆరిపోతుంది."

"ఎందుకు ఆరడం? వెలుతురు ఎక్కువైతే తొందరగా పెరగవూ?"

"చీకటి కూడా కావాలత్తయ్యా. నిద్ర లేకపోతే పాలిపోతాయి."

"మొక్కలకి నిద్రా? మొగుళ్ళకి లేని భోగం."

"నచ్చిందా?"

"ఆ పైఅరలో మిరప చూడు, ఒక్కో గుంటలో రెండేసి మొలిచాయి."

"రెండోది తీసేస్తాను. బలమైనది ఉంచి..."

"గోటితో గిల్లు, పీకకు. పీకితే పక్కదాని వేరు కదులుతుంది."

"గిల్లాను. దీపం నచ్చిందా అత్తయ్యా?"

"బాగానే ఉంది."

"బాగుందన్నారు! మీ నోటివెంట ఆ మాట పెళ్ళయ్యాక ఇదే మొదలు."

"దీపాన్ని అన్నాను."

"తెలుసు. నాకదీ చాలు. అత్తయ్యా, దిగి మాట్లాడనా?"

"అక్కడినుంచే మాట్లాడు. కింద చోటు లేదు."

"సరే. నేనొక్కసారే అడుగుతాను, మధ్యలో మాట మార్చకండి. బేగిమాయ్‌ని నాకివ్వండి. మీరే అమ్మగా ఉండండి, నన్ను వదినే అననివ్వండి, నాకేం ఫరవాలేదు. బడికి నా ఇంటినుంచి వెళ్ళనివ్వండి. పొద్దున్నే లేపి, పాలు కాచి, రెండు జడలేసి... అంతే. సెలవులన్నీ మీ దగ్గరే. పండక్కి మీ దగ్గరే. ఆచారం కాదంటే చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ స్టూలు దిగి. పదేళ్ళు దిగకుండా నిలబడమంటే నిలబడతాను. కానీ ఈసారి కాదనకండి."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తీసుకుపో."

"... ఏమిటి?"

"తీసుకుపొమ్మన్నాను. చెవుల్లోకి చెమట పోయిందా?"

"ఎవర్ని?"

"నిమ్మచెట్టుని! నీ కూతుర్నే. ఇవాళే తీసుకుపో. బట్టల సంచి సర్దేశాను, వీధి తలుపు వెనకాల ఉంది. ఊలు గుర్రం సగం అయింది, మిగతాది నువ్వు కుట్టు."

"అత్తయ్యా..."

"స్టూలు ఊగుతోంది. పడితే నారు మీద పడతావు."

"నా కూతురన్నారు. ఇప్పుడు మీరే అన్నారు. నీ కూతురని."

"ఏడిస్తే కళ్ళు తుడుచుకుని ఏడువు. ఉప్పునీళ్ళు కుండీలో పడుతున్నాయి."

"తుడుచుకున్నాను. నిజంగానా? రేపు మళ్ళీ కాదంటారేమో? ముందే సర్దేశారా? నేను అడగకముందే? అంటే నన్ను ఇంతసేపు..."

"దీపాలు చూడాలి కదా. ముందే చెప్తే నువ్వు ఊదాది తగిలించి పరిగెత్తేదానివి."

"పరిగెత్తేదాన్నే! అబ్బ, మీరు... మీరెంత చెడ్డవాళ్ళో అనుకున్నాను ఇన్నాళ్ళూ. క్షమించండి. మనసులోనే అనుకున్నాను, ఎవరితోనూ అనలేదు. రయీసా గారితో ఒక్కసారి అన్నానంతే."

"చెప్పింది."

"చెప్పిందా! పోనీయండి. అది ఏడుస్తుందేమో నాతో రమ్మంటే?"

"ఏడుస్తుంది. రెండు రాత్రులు. తర్వాత తిండి దగ్గర పేచీ పెడుతుంది. గట్టిగా ఉండు, వారానికి మరిచిపోతుంది. నిన్ను మరవడానికి దానికి అంతకూడా పట్టలేదు."

"... సరే. ఉంటాను. ఆయనకి ఫోన్ చేస్తాను, సాయంత్రం బండి తెమ్మని. మంచం కొనాలి దానికి. ఎగిరి గంతేస్తాడు."

"వాడికి తెలుసు."

"తెలుసా?"

"వాడే అన్నాడు ముందు. బేగిమాయ్‌ని మేరిమ్‌కి ఇచ్చెయ్యమ్మా, దానికి తోడుంటుంది అని."

"ఆయనా? మిమ్మల్ని అడిగాడా, నాకోసం? నాతో ఒక్క ముక్క అనలేదే! నేనేమో అస్తమానం సాధిస్తున్నాను, నీకు పట్టదు, మీ అమ్మ ముందు నోరు లేవదు అని. మొన్న కూడా తిట్టి అన్నం పెట్టలేదు. చూడండి, మనుషుల్ని ఎంత తప్పుగా... ఆయన ఇంత ఆలోచిస్తాడని నాకెలా తెలుస్తుంది?"

"నిజమే. వాడి ఆలోచనలు తల్లికి చెప్పుకుంటాడు."

"ఇవాళ మాంసం వండుతాను. నూడుల్స్ నా చేత్తోనే ఒత్తుతాను. మీరూ రండి అత్తయ్యా, పిల్ల కాస్త కుదురుకునేదాకా మా దగ్గరే ఉండండి. ఒక్కరే ఎలా ఉంటారిక్కడ? ఆరేళ్ళు పెంచారు, ఇల్లు బోసిగా ఉండదూ?"

"ఉండదు."

"అలాగే అంటారు మీరు. ప్రతి ఆదివారం తీసుకొస్తాను దాన్ని."

"ఆదివారాలు వద్దు. ముందు ఫోన్ చేసి, రమ్మంటే రండి."

"అదేమిటి?"

"ఇల్లు ఇరుకవుతుంది."

"మీ ఒక్కరికా? అయ్యో, ఆ కిటికీ గదికి రంగు కూడా వేయించారు దానికోసమే! వృథా పోయింది. ఉండండి, ఈ మొక్కలన్నీ మళ్ళీ అక్కడే సర్దేసి పోతాను. ఎండ ఉండగా ఈ దీపాలెందుకు, ఈ ఉక్కెందుకు? దిగుతున్నాను, కుర్చీ జరపండి."

"మార్చకు. మొక్కలు ఇక్కడే."

"ఎందుకు? గది ఖాళీయేగా ఇప్పుడు."

"ఖాళీ కాదు. జమీర్ రేపు సామాను తెస్తున్నాడు."

"మా సామానా? మమ్మల్ని కూడా ఇక్కడికే... అత్తయ్యా! అందుకా రంగు? అందుకా రహస్యం? అందరం కలిసే ఉంటామా?"

"వాడు నీకేం చెప్పలేదా?"

"లేదు! ఏం చెప్పాలి?"

"పోయిన శుక్రవారమే చెప్తానన్నాడు. అంతా వాళ్ళ నాన్న పోలిక, ఆడదాని మొహం చూసి మాట మింగేస్తాడు. అన్నీ నేనే చెప్పాలి ఈ ఇంట్లో."

"ఏం చెప్పాలత్తయ్యా?"

"నారిన్ పిల్ల, జిబేక్ అని. పోయిన వేసవిలోనే ముల్లా వచ్చి వాడికీ దానికీ నిఖా చదివి వెళ్ళాడు. మే నెలలో కంటుంది, దానికదే తొలి కానుపు. తొలిబిడ్డ అత్తదే కదా మరి. ఇద్దర్ని పెంచే ఓపిక నాకెక్కడిదే?"